చెమ్మ యంత్రం, నిద్ర పుస్తకాలు

నమోదు 61

సాయం పడవ వచ్చింది. రాష్ట్ర గ్రంథాలయం ఎగువ పట్నం నుంచి నెలకోసారి పంపే పడవ ఇది. లంకల్లో ఉన్న ప్రతి చిన్న గ్రంథాలయానికీ ఒక కొత్త పెట్టె దింపుతుంది. చిరిగినవి కుట్టుపనికి తీసుకుపోతుంది, పోయిన నెల తీసుకుపోయినవి కుట్టి తెచ్చి ఇస్తుంది. ఏడాదిపాటు ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకాలుంటే వాటినీ పట్టుకుపోతుంది. వాటిని నిద్ర పుస్తకాలంటారు. ఎగువన వాటి కాగితాన్ని నానబెట్టి మళ్ళీ కాగితం చేస్తారు.

పడవతో వచ్చే అధికారి తస్నీమ్. ముప్పై దాటిన మనిషి. అలమారల మధ్య తిరిగి, వేలితో దుమ్ము చూసి, నా బల్ల దగ్గరికి వచ్చింది.

"హైమక్కా, ఈతూరి గూడా నిద్ర పుస్తకం ఒకటీ ల్యా?"

"లేదు."

"కొత్తమొగ లంక మాదిరి ఊరు ఇంగోటి ల్యాదక్కా. మా పట్నంలోనే అలమారలకు అలమారలు నిద్దర పోతాండాయి."

ఆ మాట నా మొహంలోకి చూస్తూ అంది. మెప్పు కావచ్చు, కాకపోనూవచ్చు. పత్రిక మూతపడి నేనీ గ్రంథపాలకురాలి ఉద్యోగానికి వచ్చేదాకా విలేఖరిగానే బతికాను. అధికారి ఊరికే మెచ్చుకుంటే ఆ రోజు రాసిపెట్టుకోవడం అప్పటి అలవాటు. రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. ఈసారి రెండు పెట్టెలు దిగాయి. నేను కోరింది ఒకటే, వలలూ పడవల మరమ్మతూ. రెండో పెట్టె మీద 'ముందుచూపు విభాగం' అని ముద్ర ఉంది. మూత తీస్తే గొర్రెల పెంపకం, గొర్రెల జబ్బులు, ఉన్ని వడకడం.

"ఇది మేం అడగలేదు తస్నీమ్."

"అడగకముందే ఇచ్చేదే వాళ్ళ పనక్కా. మాకు గూడా చెప్పరు."

కొత్తమొగ లంకలో గొర్రె లేదు. మేయడానికి గడ్డి కూడా లేదు. పెట్టె మూసి బల్ల కిందికి తోశాను.

నమోదు 63

ఇవాళ మేలుకొలుపు. ఈ మాట గ్రంథాలయ నిబంధనల్లో దొరకదు. ఇది మా ఊరి పద్ధతి. ఇదెందుకో రాయాలంటే ముందు నీళ్ళ సంగతి రాయాలి.

పుస్తకాలకు చెమ్మ తగలకూడదని రాష్ట్ర గ్రంథాలయం ప్రతి శాఖకూ ఒక చెమ్మ యంత్రం ఇస్తుంది. అది గదిలో గాలిని పీల్చి, అందులోని తేమను నీళ్ళుగా మార్చి, గోడ బయటికి గొట్టంలోంచి వదులుతుంది. ఆ నీళ్ళు పారబోయమని నిబంధన. సముద్రం లోపలికి వచ్చినప్పటి నుంచి ఈ లంకలో బావులన్నీ ఉప్పు. ఊరంతా తాగేది ఆ గొట్టం నీళ్ళే. మా కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. సముద్రపు గాలి లోపలికి రావాలి, యంత్రం దాన్ని పిండాలి. పుస్తకాల కోసం పెట్టిన యంత్రానికి పుస్తకాలకు పడని గాలి తాగిస్తున్నాం. ఇందులో నా చేయీ ఉంది.

మెలకువలో ఉన్న పుస్తకాలు ఎంత ఎక్కువైతే యంత్రం అంత పెద్దది. పుస్తకాలు నిద్రపోతే పెద్ద యంత్రం తీసుకుపోయి చిన్నది బిగిస్తారు. అందుకని ఎవరూ చదవని పుస్తకాలను ఇళ్ళకు పంచుకున్నారు. తలా ఒక పెంపుడు పుస్తకం. కొన్ని నెలలకోసారి వచ్చే మేలుకొలుపు రోజున ఇంటివాళ్ళు దాన్ని తెచ్చి అప్పగిస్తారు, మళ్ళీ తీసుకుని పోతారు. తలుపు మీద ఉండే కన్ను ఏ పుస్తకం ఏ ఇంటికి పోతోందో చూసి ఎగువకు చెబుతుంది. ఇష్టంగా చదివేవన్నీ ఇక్కడే బల్ల దగ్గర కూర్చుని చదువుతారు. ఇంటికి తీసుకెళ్తే ఉప్పుగాలికి పాడవుతాయని భయం. బల్ల దగ్గర చదివినవాటిని కన్ను లెక్కలోకి తీసుకోదు.

ముందుగా వరాలమ్మ తన పెంపుడు పుస్తకం గొర్రెల పెంపకంతో వచ్చింది. గొట్టం దగ్గర బిందెల వరస పిలిచేది ఆమే. అరవై ఏళ్ళ మనిషి. మోకాళ్ళు పట్టేసి, గుమ్మం ఎక్కడానికి తలుపు పట్టుకోవాలి.

"మా గొర్రెని తోలుకొచ్చేనండి మేడంగారూ. కట్టేసుకోండి."

"మేత వేశావా?"

"నిన్న అట్ట నాకిందండి. సాల్లే అన్నాను."

వెనక లంక పెద్ద ఏసుదాసు నిలబడ్డాడు. అతని పెంపుడు పుస్తకం వేరుశనగ తెగుళ్ళు. వరాలమ్మ తిరిగి చూసింది.

"ఏం బాబూ, నీ శనగ కాసిందా?"

"పూతలో ఉందొదినా. నువ్వు గొర్రెని అటు రానీకు."

వరసంతా నవ్వింది. తర్వాతి వాళ్ళు రాతినేలలో బావి తవ్వకం, కంబళి నేత, మిట్టభూముల్లో జొన్న తెచ్చి, అప్పగించి, మళ్ళీ తీసుకుపోయారు. ఎవరూ పుస్తకం తెరవలేదు.

నమోదు 67

పడవలో ఒక శిక్షకుడు వచ్చాడు. పేరు నిరంజన్. స్థానిక గ్రంథాలయాలకు ఉచిత ప్రసంగాలు ఇవ్వడం రాష్ట్ర గ్రంథాలయం సేవల్లో ఒకటి. కోరుకుంటే వస్తారు. మేం కోరుకోలేదు.

విషయం: రాతి ఇళ్ళు, వాటి సుఖాలు.

ఊరంతా మర్యాదగా కూర్చుని విన్నారు. గోడ మీద బొమ్మలు పడ్డాయి. ఎర్రమట్టి నేల, బండరాళ్ళ మధ్య వీధి, వీధి చివర బావి. బావిలోంచి ఒకామె చేదతో నీళ్ళు తోడి, సగం తాగి, మిగతా సగం కాళ్ళ మీద పోసుకుంది. వెనక నుంచి ఎవరో "కాళ్ళ మీదా" అన్నారు, అంతే.

తర్వాత నిరంజన్ ఇంటింటికీ వెళ్ళాడు. ఎంతమంది ఉన్నారు, మెట్లు ఎక్కలేనివాళ్ళు ఎవరు, సామాను ఎంత అని అడిగాడు. పుస్తకాల శిక్షకుడికి సామానుతో పనేముంది? పడవ ఎక్కబోతుంటే పట్టుకుని అడిగాను.

"ఇదంతా ఎందుకు సార్?"

"మీరు కోరినదే కదండీ."

"కోరింది ఎవరు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఊరంతానండి. ఇంత ఏకగ్రీవంగా కోరిన ఊరు మరోటి లేదని మా ముందుచూపు విభాగంలో చెప్పుకుంటున్నారు."

ఇంకో ప్రశ్న వేసేలోపు పడవ కదిలింది.

నమోదు 68

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఏసుదాసు గ్రంథాలయం మెట్ల మీద నిలబడి గట్టిగా అడిగాడు.

"ఎవరో రాసేరు ఎగువకి. ఎవరైతే రాసేరో ఇప్పుడే చెప్పేయండి. నేనేం అనను."

"అననంటూనే అంటన్నావు కదా" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

పాత వృత్తి గుర్తుకొచ్చి ఇళ్ళకు వెళ్ళాను. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: ఎగువకు ఏమైనా రాశారా, ఎవరితోనైనా చెప్పించారా? అందరూ లేదన్నారు. అందరూ ఇంకొకరి పేరు చెప్పారు. ఎక్కువమంది నోట వచ్చిన పేరు వరాలమ్మ. రెండు కారణాలు చెప్పారు. ఆమె మోకాళ్ళు ఒకటి. నిరంజన్‌ను ఆ బావికి ఎన్ని మెట్లని అడిగింది ఆమె ఒక్కతే, అది రెండోది.

వరాలమ్మ గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"మీరూ అడగడానికే వచ్చేరా?"

"అందరినీ అడుగుతున్నాను."

"నేను రాయలేదండి. నాకు రాయడం వచ్చు గానీ రాయలేదు. మెట్లెన్నని అడిగేను. అడిగితే తప్పా?"

"తప్పని ఎవరన్నారు?"

"మీరు అనలేదు. చూత్తన్నారు."

తిరిగి వచ్చాను. ఆమె అబద్ధమాడుతోందని చెప్పడానికి ఆధారం లేదు. ఆడడం లేదని చెప్పడానికీ లేదు. అనుమానం పోలేదని మాత్రం రాసుకున్నాను. మర్నాడు బిందెల వరసలో ఆమె పేర్లు పిలిస్తే బదులు చెప్పేవాళ్ళ గొంతులు మారాయి. "ఆ, వచ్చేం" అనే మాటలో వెనకటి చనువు లేదు.

నమోదు 72

ఉత్తర్వు వచ్చింది. తస్నీమ్ చదివింది, నేను విన్నాను.

కొత్తమొగ లంక వాసుల చిరకాల కోరిక మేరకు వారందరికీ ఎగువన రాళ్ళమిట్టలో ఇళ్ళు కేటాయించడమైనది. ఇంటికొక జత గొర్రెలు. గ్రంథాలయం కూడా అక్కడికే మారుతుంది. వర్షాలు వెనకపట్టగానే పడవలు వస్తాయి. ఖాళీ అయిన లంకకు ఇక సేవలు ఉండవు.

చివరి వాక్యం మళ్ళీ చదవమన్నాను. సేవలు ఉండవంటే యంత్రం ఉండదు. యంత్రం లేకపోతే వెళ్ళనన్నవాడు కూడా ఉండలేడు. సాయం పేరుతో వచ్చిన ఈ కాగితం వెళ్ళగొట్టే నోటీసు.

నా అనుమానం తస్నీమ్ మీదికి మళ్ళింది. నెలనెలా వచ్చేది ఆమే. తిరిగి చూసేది ఆమే. బల్ల దగ్గర కూర్చోబెట్టి అడిగాను.

"నువ్వేం చెప్పావు వాళ్ళకి?"

"నేనా? చిరిగిన పుస్తకాలు యాడ కుట్టల్లో చెప్తా. అంతకుమించి నన్ను ఎవురు అడుగుతారక్కా?"

"మరి మా కోరిక వాళ్ళకు ఎలా తెలిసింది?"

తస్నీమ్ నవ్వింది. "ఎట్ల తెలీకుండా పోతుంది? మా సీమలో గొర్రెలు కాసేటోళ్ళు గూడా గొర్రెల పుస్తకం ఇన్ని తూర్లు తీస్కపోరు. ఏండ్ల తరబడి ఊరంతా అవే చదువుతాండారు. గొర్రెలు, శనగ, బండల్లో బావులు. సముద్రం పుస్తకం ఒక్కరూ ముట్టరు. ఎవురికైనా ఏం అనిపిస్తాది?"

వలల పాత పుస్తకం బల్ల మీదే ఉంది. దాని అంచులు చేతుల జిడ్డుకు నల్లబడ్డాయి. అది ఎన్నడూ తలుపు దాటలేదు. గొర్రెల పుస్తకం కొత్తగా మెరుస్తోంది. తలుపు కన్నుకు తెలిసింది మాత్రం అదొక్కటే.

నిద్రపోయే పుస్తకమంటే మా ఊరికి పనికిరాని పుస్తకం. మా ఊరికి పనికిరానివన్నీ మిట్టభూముల పుస్తకాలే. వాటినే ఏరి, ఇంటింటికీ పంచి, విడవకుండా మోశాం. ఎవరూ ఉత్తరం రాయలేదు. ప్రతి మేలుకొలుపుకూ ఊరంతా కలిసి ఎగువకు ఒకటే మాట చెబుతూ వచ్చాం, ఇక్కడ ఉండలేమని.

నమోదు 73

సమావేశం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత ఒక్కొక్కరే తమ పెంపుడు పుస్తకం పేరు పైకి చెప్పుకుని ఆగిపోయారు.

"అయితే రాసింది నేనొక్కదాన్నే కాదన్నమాట" అంది వరాలమ్మ. "అందరం రాసేం. నా చేత్తో నేను, మీ చేత్తో మీరు."

ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఇప్పుడేం చేయాలన్నది తేలలేదు. నిజం రాస్తే పుస్తకాలు చదవడం లేదని ఒప్పుకున్నట్టు. యంత్రం చిన్నదవుతుంది, నీళ్ళు తాగుతున్నామని తెలిస్తే అసలే పోవచ్చు. రాయకపోతే అందరినీ తీసుకుపోతారు. ఏసుదాసు గొంతు అందరికంటే పైన ఉంది.

"రాసేయండి మేడంగారూ. నీళ్ళు తాగేం, పుస్తకాలు చదవలేదు, మమ్మల్ని వదిలేయండి అని. మా తాత ఇక్కడే వల వేసేడు, నేనూ ఇక్కడే వేత్తాను. ఈ లంక ఇడిసి నేనెక్కడికీ రాను. ఎల్లాలనున్నోళ్ళు ఎవరో లేచి చెప్పండి."

ఎవరూ లేవలేదు. ఆయన వరాలమ్మ వైపు చూశాడు. నేను కూడా చూశాను.

ఉత్తరం రాశాను. వార్త రాసినట్టే రాశాను. ఎవరు, ఏమిటి, ఎప్పటి నుంచి, ఎందుకు. విశేషణం ఒక్కటీ వాడలేదు. అందరూ సంతకాలు చేశారు.

నమోదు 77

జవాబు వచ్చింది. జవాబంటే ఒక పెట్టె. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. ఉత్తర రచనలో మీ ఊరి ఆసక్తిని గుర్తించాం' అని పైన చీటీ. లోపల అర్జీలు, వినతిపత్రాలు రాయడం నేర్పే పుస్తకాలు.

తస్నీమ్ తల పట్టుకుంది.

"జాబులు చదివే మనిషి ఆ విభాగంలో లేడక్కా. అంతా లెక్కే చూస్తాది. ఏ ఇంటికి ఏ పుస్తకం పాయ, అంతే. నాకు ముందే చెప్పింటే ఇంత దూరం రానిచ్చేదాన్ని గాదు."

"నీళ్ళ సంగతి చెబితే నువ్వు రాసి పంపుతావేమోనని."

"నీళ్ళ సంగతి నాకు తెలీదా?" గొంతు తగ్గించింది. "బిందెల వరస కనపడకుండా పడవ దిగల్లంటే కండ్లు మూసుకుని దిగల్ల. నాకు ముందు పని చేసినాయప్పకు గూడా తెలుసు. లంకలన్నిట్లో ఇంతే. మేం ఎవురం రాయల. రాస్తే ఆపల్ల గదా."

ఇన్నాళ్ళూ ఈమెను చూసి కిటికీలు మూశాను, మాటలు తూచాను. అక్కడ ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి చెప్పకుండా ఉండడం వల్లే మాకు నీళ్ళు వచ్చాయి. ఆ చెప్పకపోవడం వల్లే ముందుచూపు విభాగానికి మా గురించి గొర్రెలు తప్ప ఏమీ తెలియలేదు.

"దారి లేదా?"

"ఉంది. ఉత్తర్వు గడువు ముగిసేలోపల ఇంగో మేలుకొలుపు వస్తాది. లెక్క ఇంటింటికీ వేరే. ఏ ఇల్లు సముద్రం పుస్తకం తీస్కపోతే ఆ ఇంటి పేరు జాబితాలోంచి పోతాది. సగం ఇండ్లు మిగిలినా ఊరు ఖాళీ కాదు. ఊరు ఖాళీ కాకుంటే సేవలు ఆపరు."

"యంత్రం?"

"నిద్ర పుస్తకాలు పెరిగితే ఏడాది ఆఖర్లో చిన్నది ఇస్తారు. అంతదాకా పెద్దదే."

నమోదు 78

మళ్ళీ సమావేశం. తస్నీమ్ చెప్పింది చెప్పాను. గది తేలికపడింది. అందరూ సముద్రం పుస్తకాలే తీసుకోవాలని ఏసుదాసు ప్రకటించాడు. ఇంటింటికీ ఏది ఇవ్వాలో అప్పటికప్పుడు పేర్లు చదవబోయాడు.

"బాబాయ్, ఒక మాట" అన్నాడు వెనక నిలబడ్డ ధర్మావతారం. పడవలకు తారు పూసే మనిషి. "అందరం అవే తీసుకోవాలా?"

"అంటే ఏటి?"

"ఏం లేదు. అడిగేను."

ఇలాంటి 'అడిగేను'లు చాలా సమావేశాల్లో విన్నాను. నచ్చనివాడు మాట్లాడితే గొడవ అవుతుంది. ఏమీ మాట్లాడలేనివాడు అడిగి ఆపేస్తాడు. నేను మొహాలు చూశాను. సగంమంది నేల చూస్తున్నారు. కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్న ఆమె వీళ్ళందరి కళ్ళలోనూ ఇంకా ఉంది.

ఇంతకాలం ఎవరు అడిగారని వెతికాను. అడిగినవాళ్ళు లేరు. కోరుకునేవాళ్ళు ఉన్నారా అని నేను ఒక్కరినీ అడగలేదు.

"ఈసారి పెంపుడు పుస్తకాలు ఉండవు" అన్నాను. "పేర్లు చదవడమూ ఉండదు. ఇంటికొకరు లోపలికి రండి. తలుపు దగ్గరగా వేస్తాను. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి. చీరచెంగులో పెట్టుకుని పొండి, పంచెలో చుట్టుకుని పొండి. కన్ను ఎలాగూ చూస్తుంది. మనిషి చూడక్కర్లేదు."

"అదేటండీ, ఊరు రెండుగా చీలిపోద్ది" అన్నాడు ఏసుదాసు.

"చీలిందో లేదో తెలుస్తుంది."

"మీరు చూత్తారు కదా" అంది వరాలమ్మ.

"బల్ల దగ్గర కూర్చోవడం నా పని. మాట్లాడను."

నమోదు 80

మేలుకొలుపు.

ఎవరూ నవ్వలేదు, గొర్రె మాట ఎత్తలేదు. పొద్దున్నుంచి ఒక్కొక్కరే వచ్చారు. విచిత్రమేమిటంటే చాలామందికి అలమార దగ్గర ఏం చేయాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి వచ్చారు గానీ ఏ రోజూ ఎంచుకోలేదు. కొందరు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, మళ్ళీ పెట్టారు. ధర్మావతారం మిట్టభూముల అలమార ముందు నేల మీద కూర్చుని బావుల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. బయట వరస పెరుగుతోందని చెప్పాల్సి వచ్చింది. "ఇందులో బొమ్మలున్నాయని తెలీదండి" అని దాన్ని చొక్కాలో దోపుకుని వెళ్ళాడు.

వరాలమ్మ తలుపు పట్టుకుని ఎక్కింది. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, వలల పుస్తకం తీసింది.

మాట్లాడనని అన్నాను. అయినా నా మొహంలో ఏదో కనబడినట్టుంది.

"అనుకోలేదు కదండీ" అంది.

"లేదు."

"మోకాళ్ళు అక్కడికెల్లినా ఇవేనండి. ఇక్కడైతే పిలిత్తే ఎవరో ఒకరు పలుకుతారు. ఈమధ్య సరిగ్గా పలకట్లేదు గానీ."

పుస్తకం చంకలో పెట్టుకుని దిగింది.

చివరికి ఏసుదాసు వచ్చాడు. లంక పెద్ద చివర రావడం ఆనవాయితీ కాదు. వరస అయిపోయేదాకా ఆగాడు. రెండు అలమారల మధ్య నిలబడ్డాడు. తర్వాత వేరుశనగ తెగుళ్ళ పుస్తకం దగ్గరికి వెళ్ళి, దాన్ని తీసి, తువ్వాల్లో చుట్టాడు.

"అలవాటు కొద్దీ తీశావా?" అనడిగాను. ఇచ్చిన మాట మళ్ళీ తప్పాను.

"కాదండి." నా వైపు చూడలేదు. "మా ఆవిడకి రాత్రిళ్ళు నీళ్ళు ఇంకా కావాలనిపిత్తదండి. బిందెలో ఉంటాయి. లేవంటది. పొద్దున్న నాకుండాలని దాచుద్ది. ఆ బొమ్మ చూసిన కాణ్ణించి ఏం అనదు. అనకపోతేనే నాకు కట్టంగా ఉంది."

"మరి సమావేశంలో..."

"పెద్దని కదండీ. నేనే ఎల్తానంటే ఎవరుంటారు?"

తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. వరాలమ్మను అడిగినన్ని ప్రశ్నలు ఈయనను ఎందుకు అడగలేదని ఆలోచించాను. గట్టిగా మాట్లాడేవాడిని అనుమానించడం మానేశాను, అదీ సంగతి.

నమోదు 86

పడవలు వచ్చాయి. కన్ను చెప్పిన లెక్క ప్రకారమే జాబితా. ఎవరికీ అభ్యంతరం లేదు. వెళ్ళేవాళ్ళు సగానికి కొద్దిగా తక్కువ. తస్నీమ్ ఒక్కొక్క ఇంటి పేరు పిలిచి ఎక్కించింది. వాళ్ళు తీసుకున్న పుస్తకాలు వాళ్ళతోనే పోతాయి, రాళ్ళమిట్ట శాఖలో అప్పగిస్తారు. ఈ సేవ కూడా ఉందట. ఒక శాఖలో తీసుకుని ఇంకో శాఖలో ఇవ్వవచ్చు. ఇంతవరకు ఎవరూ వాడుకోలేదని చెప్పింది.

ఏసుదాసు భార్య మేరీరత్నం ఖాళీ బిందె చేత్తో పట్టుకుని ఎక్కింది. అక్కడ బిందెలు ఇస్తారని తస్నీమ్ చెప్పినా వదల్లేదు. ఏసుదాసు ఒడ్డున నిలబడ్డవాళ్ళందరికీ చేతులు జోడించాడు. కొందరు జోడించారు. కొందరు పడవ తాళ్ళు సర్దుతున్నట్టు వంగారు. వరాలమ్మ మాత్రం "బాబూ, శనగ కాత్తే రెండు గింజలు పంపు" అంది. ఆయన తలూపాడు.

పడవలు నది మొగ దాటాక అందరం వెనక్కి వచ్చాం. మిట్టభూముల అలమారలో మిగిలినవి ఇక నిద్రపోతాయి. ఏడాది ఆఖరుకు వాటిని తీసుకుపోతారు, చిన్న యంత్రం బిగిస్తారు. ఉన్నవాళ్ళకు అది చాలొచ్చు, చాలకపోవచ్చు. ముందుచూపు విభాగం నుంచి ఇవాళ కూడా ఒక పెట్టె దిగింది. నేనింకా తెరవలేదు. అందులో ఏముందో దాన్ని బట్టి వాళ్ళు ఇప్పుడు మా గురించి ఏమనుకుంటున్నారో తెలుస్తుంది. తెలుసుకునే తొందర లేదు.

మధ్యాహ్నం బిందెల వరస మొదలైంది. గొట్టం పక్కన గట్టు మీద కూర్చుని వరాలమ్మ ఎప్పటిలాగే పేర్లు పిలుస్తోంది. వరసలో చిన్న చిన్న ఖాళీలు. నేనూ నా బిందెతో నిలబడ్డాను.

"పెమ్మాడోరు" అని పిలిచింది. అది ఏసుదాసు ఇంటిపేరు. అలవాటుగా పిలిచింది. ఎవరూ కదల్లేదు. పిలిచాక ఆమెకూ తెలిసింది. ముందున్నవాళ్ళు బిందె జరపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేటి, వాళ్ళు లేరు కదా" అన్నారు.

"ఈ పూటకి వరస వాళ్ళదే."

బిందె నిండేటంత సేపు నీళ్ళు ఇసుకలోకి పోయాయి. ఎవరూ అడ్డం రాలేదు. తర్వాత ఆమె నా పేరు పిలిచింది.

"ఆ, వచ్చేను" అన్నాను.